ట్యాంకర్ వెనక ఆ నాలుగంకెలు ఎవరి కోసం?

క్లుప్తంగా

ప్రమాదకరమైన సరుకు మోసే బండికి రెండు పక్కలా, వెనకా సమాచార బోర్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989 నుంచీ చెబుతున్నాయి. ప్రమాదం జరిగిన చోటికి ముందుగా చేరే ఫైర్, పోలీసు సిబ్బంది మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడమే దాని పని. కాగితం మీద మన నియమం బయటి దేశాల వాటికంటే తీసికట్టుగా ఏమీ లేదు. లోపలి సరుకు మారినా బోర్డు మారకపోవడం, దుమ్ము పట్టి కనపడకపోవడం, కనపడినా చదవగలిగే మనిషి అక్కడ లేకపోవడం దాన్ని దెబ్బతీస్తున్నాయి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఇంకో చిక్కు కూడా చేరింది.

ఇప్పుడెందుకీ చర్చ

2024 డిసెంబర్ 20 తెల్లవారుజామున జైపూర్-అజ్మీర్ హైవే మీద భాంక్రోటా దగ్గర ఎల్పీజీ ట్యాంకర్ యూటర్న్ తీసుకుంటుంటే లారీ వచ్చి గుద్దింది. గ్యాస్ బయటికొచ్చి రోడ్డంతా పరుచుకుంది, అంటుకుంది, ముందూ వెనకా ఉన్న వాహనాలు పదుల సంఖ్యలో కాలిపోయాయి. 2012 ఆగస్టులో కేరళలోని కన్నూరు దగ్గర చాలాలో కూడా గ్యాస్ ట్యాంకర్ బోల్తా పడి ఇలాంటి ఘోరమే జరిగింది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ట్యాంకర్ల వెనక రాసి ఉండే 1075, 1203, 3 వై ఈ లాంటి రాతల ఫొటోలు చక్కర్లు కొడతాయి. పక్కనే ఎవరో ఒకరు వాటికి తోచిన అర్థం కూడా చెబుతుంటారు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. గ్యాస్ మబ్బు అప్పటికే చుట్టుముట్టిన బస్సులో ఉన్నవాళ్లను ఏ బోర్డూ కాపాడలేదు. ద్రవంగా ఉన్న ఎల్పీజీ ఒక లీటరు బయటపడితే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది, పైగా అది గాలికంటే బరువు కాబట్టి పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది. బోర్డు ఉపయోగమంతా ఆ తర్వాతి ఘట్టంలో ఉంది: ఫైరింజన్ ఎంత దూరంలో ఆగాలి, నీళ్లు కొట్టాలా ఫోమ్ (మంటనార్పే నురుగు) కొట్టాలా, ఊరు ఖాళీ చేయించాలా అన్న నిర్ణయాల్లో.

బోర్డులో ఏముంటుంది

134వ నియమం కొలతలతో సహా చెబుతుంది. సరుకు అసలు సాంకేతిక నామం కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో ఉండాలి. ఏ సరుకో చెప్పే నాలుగంకెల ఐక్యరాజ్యసమితి నంబరు కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ప్రమాద తరగతిని చెప్పే డైమండ్ గుర్తు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వీటితోపాటు ప్రమాదం జరిగితే ఫోన్ చేయాల్సిన అత్యవసర సేవల పేరు, నంబరు, సరుకు పంపినవాళ్ల పేరు, నంబరు. బండికి కుడి, ఎడమ, వెనక మూడు చోట్లా ఇదంతా ఉండాలి. ఎందుకంటే బండి ఒక పక్కకి పడిపోతే ఆ పక్క బోర్డు నేలకి కరుచుకుపోతుంది, మిగతా రెండూ పనికొస్తాయి.

పెట్రోల్ ట్యాంకర్‌నే తీసుకుందాం. డిపోల్లో దీన్ని పెట్రోల్ అనేకంటే ఎంఎస్ అనే ఎక్కువంటారు, అంటే మోటార్ స్పిరిట్. బోర్డు మీద ఎర్ర డైమండ్, అందులో మంట బొమ్మ, కింద 3 అంకె. పక్కన 1203. డీజిల్ అయితే 1202, కిరోసిన్ 1223, ఎల్పీజీ 1075, అమ్మోనియా 1005, క్లోరిన్ 1017. ఈ నాలుగంకెలు ప్రపంచమంతటా ఒకటే. చర్లపల్లి డిపో నుంచి బయల్దేరిన ట్యాంకర్ మీదా, టెక్సస్‌లో తిరిగే ట్యాంకర్ మీదా 1203 అంటే పెట్రోలే.

ఇక పెట్రోల్ ట్యాంకర్ మీదే కనపడే 3 వై ఈ. ఇది బ్రిటన్‌లో లండన్ ఫైర్ బ్రిగేడ్ పుణ్యమా అని 1970లలో పుట్టిన హాజ్‌కెమ్ కోడ్. మొదటి అంకె మంట మీద ఏం వాడాలో చెబుతుంది: 1 అంటే పెద్ద చుక్కల నీటి ధార, 2 అంటే సన్నటి నీటి తుంపర, 3 అంటే ఫోమ్, 4 అంటే పొడి. ఇందులో ఒక సూత్రం ఉంది, రాసిన అంకె కంటే పైది వాడొచ్చు గానీ కిందది వాడకూడదు. అంటే 3 కనపడితే ఫోమ్ గానీ పొడి గానీ కొట్టొచ్చు, నీళ్లు మాత్రం కొట్టకూడదు. పెట్రోల్ నీళ్లకంటే తేలిక కాబట్టి పైకి తేలి, మంటతో సహా నీళ్లు పారిన చోటల్లా పారుతుంది, కాలువలోకి దిగితే వీధి చివర ఇంకో మంట లేస్తుంది. రెండో అక్షరం వై మూడు సంగతులు చెబుతుంది: ఇది ఒక్కసారిగా భగ్గుమనొచ్చు, సిబ్బంది శ్వాస పరికరం పెట్టుకోవాలి, ఒలికినదాన్ని డ్రైనేజీలోకి పోనివ్వకుండా అక్కడే ఆపాలి. చివరి ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించమని. సల్ఫ్యూరిక్ ఆమ్లం ట్యాంకర్ మీద 2 పీ కనపడుతుంది. అక్కడ ఒంటినంతా కప్పే రసాయన సూటు వేసుకోవాలి, ఒలికినదాన్ని బోలెడు నీళ్లతో పలచబరచాలి. రెండూ ట్యాంకర్లే, రెండూ ద్రవాలే, చేయాల్సింది మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఆ తేడా అంతా రెండు మూడు అక్షరాల్లో ఉంది.

రంగు చాలదు, నంబరు కావాలి

డైమండ్ గుర్తుల్లో 9 తరగతులున్నాయి: పేలుడు పదార్థాలు, వాయువులు, మండే ద్రవాలు, మండే ఘనపదార్థాలు, ఆక్సీకరణులు, విషాలు, రేడియోధార్మికాలు, తినివేసే ఆమ్లాలు-క్షారాలు, చివరగా వీటిలో దేనిలోనూ ఇమడనివి. రంగులు దూరం నుంచి గుర్తుపట్టడానికి. నారింజ అంటే పేలుడు, ఎరుపు అంటే మంట, పసుపు అంటే మంటకి ఊపిరి పోసేది, తెలుపు మీద పుర్రె అంటే విషం. నీలం మీద మంట బొమ్మ ఉంటే నీళ్లు తగలకూడదని. వెల్డింగ్ షాపుల్లో వాడే కాల్షియం కార్బైడ్ ఈ నీలం కిందికే వస్తుంది. నీళ్లు తగిలిన వెంటనే ఎసిటిలీన్ గ్యాస్ పుట్టించే సరుకు అది. అలాంటి లారీ కాలుతుంటే మంచి మనసుతో బకెట్టు నీళ్లు పోసినవాడే మంటని పెంచినవాడవుతాడు.

అయితే రంగు ఇంటిపేరు లాంటిది, ఆ ఇంట్లో ఎవరో తెలియాలంటే నాలుగంకెలు చూడాల్సిందే. పటాన్‌చెరు, పాశమైలారం వైపు, ఇటు విశాఖ దగ్గర పరవాడ వైపు ఫార్మా కంపెనీలకు వెళ్లే సాల్వెంట్ (ద్రావకాల) ట్యాంకర్లు చూడండి. టొలుయీన్, ఎసిటోన్, మిథనాల్ అన్నింటికీ అదే ఎర్ర డైమండ్, అదే 3. కానీ టొలుయీన్ నీళ్లలో కలవదు. మిథనాల్, ఎసిటోన్ ఇట్టే కలిసిపోతాయి, అందుకే మామూలు ఫోమ్ వాటి మీద నిలవదు, నురుగులోని నీళ్లని అవి లాగేసుకుంటాయి. మిథనాల్ విషం కూడా, పైగా పట్టపగలు దాని మంట కంటికి సరిగా ఆనదు. ఇవేవీ ఎర్ర రంగు చెప్పదు. 1230 అన్న నంబరు చెబుతుంది, అది చూసి పుస్తకం తిరగేసే మనిషి ఉంటే.

ఎక్కణ్ణుంచి వచ్చాయి ఈ నియమాలు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రసాయనాల వ్యాపారం సరిహద్దులు దాటి పెరిగింది. ఒక్కో దేశం ఒక్కో గుర్తు వాడితే ఓడ దిగిన పీపా లారీ ఎక్కేసరికి అర్థం మారిపోతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి 1953లో నిపుణుల కమిటీ వేసింది, 1956లో మొదటి సిఫార్సులు వచ్చాయి. ఇవి చట్టం కావు, మాదిరి మాత్రమే. దేశాలు తమ చట్టాల్లో కలుపుకోవాలి. యూరప్ దేశాలు 1957లో ఏడీఆర్ అనే రోడ్డు ఒప్పందం చేసుకున్నాయి, అది 1968 నుంచి అమల్లోకి వచ్చింది.

మన దగ్గర కథ వేరేలా నడిచింది. 1984 భోపాల్ దుర్ఘటన రవాణాలో జరిగింది కాదు, ఫ్యాక్టరీలో జరిగింది. కానీ ఆ రాత్రి ఆస్పత్రులకు వచ్చిన వేలమందికి ఏ గ్యాస్ సోకిందో, దానికి ఏ వైద్యం చేయాలో డాక్టర్లకు చెప్పే దిక్కు లేకపోయింది. ఏముందో తెలిసినవాడు తెలియనివాడికి చెప్పి తీరాలన్న ఆలోచన చట్టంలోకి బలంగా వచ్చింది ఆ తర్వాతే. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు, అదే ఏడాది మోటారు వాహనాల నియమాలు. ఈ చివరివాటిలో 129 నుంచి 137 దాకా ప్రమాదకర సరుకు రవాణా గురించే. బాధ్యతని ముగ్గురికి పంచారు: సరుకు పంపేవాడు దాని వివరాలు పూర్తిగా, సరిగ్గా చెప్పాలి, బండి యజమాని ఆ వివరాలు డ్రైవరుకు అందేలా చూడాలి, డ్రైవరు ఆ కాగితాలను క్యాబిన్‌లో పెట్టుకోవాలి. దీన్నే ట్రెమ్ కార్డు అంటారు. ఏదైనా జరిగితే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్పాల్సింది కూడా డ్రైవరే. ఇలాంటి బండి నడపాలంటే లైసెన్సుతోపాటు ప్రత్యేక శిక్షణ ఉండాలి, ఒక భారతీయ భాషా ఇంగ్లీషూ చదవడం రాయడం రావాలని 9వ నియమం.

యూరప్, అమెరికా, మనం

యూరప్‌లో ట్యాంకర్‌కి 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నారింజ రంగు పలక ఉంటుంది. అడ్డగీత పైన ఒక సంఖ్య, కింద ఐక్యరాజ్యసమితి నంబరు. పెట్రోల్‌కి పైన 33, కింద 1203. మూడు అంటే మండే ద్రవం, రెండుసార్లు రాస్తే ఆ గుణం తీవ్రంగా ఉందని. డీజిల్‌కి 30 మాత్రమే. ముందు ఎక్స్ అక్షరం ఉంటే నీళ్లతో ప్రమాదకరంగా చర్య జరుగుతుందని. హాజ్‌కెమ్ కోడ్ ఏం చేయాలో చెబితే, ఇది సరుకు గుణం ఏమిటో చెప్పి నిర్ణయం అధికారికి వదిలేస్తుంది. శిక్షణ ఉన్నవాళ్లకి యూరప్ పద్ధతి ఎక్కువ సమాచారం ఇస్తుంది, శిక్షణ అంతంతమాత్రంగా ఉన్న చోట బ్రిటిష్ పద్ధతే మేలు అనిపిస్తుంది. మన ట్యాంకర్లు ఆ రెండోదాన్ని పట్టుకోవడం ఒకరకంగా మంచిదే.

అమెరికాలో నాలుగు వైపులా డైమండ్ ప్లకార్డులు పెట్టాలి. అక్కడ పరిమాణం లెక్క కూడా ఉంది. విషవాయువులు, పెద్ద పేలుడు పదార్థాల్లాంటివి ఒక్క కిలో ఉన్నా ప్లకార్డు తప్పదు. పీపాల్లో, డబ్బాల్లో వెళ్లే మండే ద్రవాలు, ఆమ్లాల్లాంటివి 454 కిలోలు దాటితేనే. యూరప్‌లోనూ ఇలాంటి మినహాయింపు ఉంది, క్యాన్లలో పెట్రోల్ అయితే 333 లీటర్ల దాకా, డీజిల్ అయితే 1000 లీటర్ల దాకా నారింజ పలక అక్కర్లేదు. మన 134వ నియమం చదివితే ఇంత దాటితేనే అన్న గీత కనపడదు, ప్రమాదకర సరుకు మోసే ప్రతి గూడ్స్ బండికీ బోర్డు ఉండాల్సిందే. వినడానికి ఇదే కఠినం. ఆచరణలో మాత్రం గీత లేకపోవడం వల్ల ట్రాలీ ఆటోలో నాలుగు యాసిడ్ క్యాన్లు వేసుకెళ్లేవాడికి ఈ నియమం తనకీ వర్తిస్తుందన్న ఆలోచనే రాదు, పట్టుకునేవాళ్లకీ రాదు.

ఇంకో తేడా మంట దగ్గర తెలుస్తుంది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని ఈస్ట్ పాలస్తీన్ దగ్గర రసాయనాల రైలు పట్టాలు తప్పి తగలబడినప్పుడు వ్యాగన్ల మీది ప్లాస్టిక్ ప్లకార్డులు కరిగిపోయాయి, ఏ వ్యాగన్‌లో ఏముందో వచ్చినవాళ్లకి చూసి చెప్పే వీల్లేకపోయింది. అసలు అవసరమైన క్షణంలోనే కాలిపోయే బోర్డు అన్నమాట. యూరప్ ఒప్పందం ఈ సంగతి ముందే పట్టించుకుంది, మంటల్లో 15 నిమిషాలు ఉన్నా పలక ఊడిపోకూడదు, అంకెలు చెరిగిపోకూడదు అని అందులోనే రాసి ఉంది.

అమెరికాలో 2001 దాడుల తర్వాత ఇంకో వాదన కూడా వచ్చింది. విషవాయువు మోసే రైలు ట్యాంకర్ల మీద అంత స్పష్టంగా రాసి పెట్టడం ఉగ్రవాదులకి చిరునామా ఇచ్చినట్టే కదా, తీసేద్దామా అని ప్రభుత్వం ఆలోచించింది. ఫైర్ సిబ్బంది ఒప్పుకోలేదు. ప్లకార్డులు అలాగే ఉండిపోయాయి.

ఎక్కడ బెడిసికొడుతోంది

ఆయిల్ కంపెనీల కాంట్రాక్టులో తిరిగే ట్యాంకర్లు ఎప్పుడూ పెట్రోల్, డీజిలే మోస్తాయి కాబట్టి బోర్డుని పెయింటుతో శాశ్వతంగా రాసేస్తారు. అక్కడ పెద్ద ఇబ్బంది లేదు. ఒకే ట్యాంకర్‌లో ఒక అరలో పెట్రోల్, ఇంకో అరలో డీజిల్ ఉంటే ఎక్కువ ప్రమాదకరమైనదాని నంబరు, అంటే 1203 పెడితే చాలని యూరప్ ఒప్పందమే అంటోంది. చిక్కంతా కిరాయికి తిరిగే కెమికల్ ట్యాంకర్లతో వస్తుంది. ఈ వారం ఒక సరుకు, వచ్చే వారం ఇంకొకటి. పెయింటు మాత్రం అదే. అందుకే యూరప్, అమెరికాల్లో సరుకుకి సంబంధించని బోర్డు తగిలించుకుని తిరగడం కూడా నేరమే, తీసేయాలి లేదా కప్పేయాలి. లేని ప్రమాదాన్ని చూపించే బోర్డుకి అలవాటు పడ్డ కళ్లు ఉన్నదాన్ని కూడా నమ్మవు.

సరుకు మారడం ఎంత పెద్ద సంగతో 2021 వేసవిలో దేశమంతా చూసింది. కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ మోయడానికి ట్యాంకర్లు చాలక నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను ఆక్సిజన్‌కి మార్చారు. ద్రవ నైట్రోజన్ నంబరు 1977, అది మంటని ఆర్పేసే వాయువు. ద్రవ ఆక్సిజన్ నంబరు 1073, ఒలికిన చోట తారు రోడ్డు కూడా భగ్గుమనే అవకాశం ఉంటుంది, అందుకే ఆకుపచ్చ డైమండ్‌తో పాటు పసుపు డైమండ్ కూడా కావాలి. ట్యాంకు లోపల శుభ్రం చేయడం ఎంత ముఖ్యమో బయట నంబరు మార్చడం కూడా అంతే ముఖ్యం.

ఖాళీ ట్యాంకర్ మీద బోర్డు ఉంచాలా తీసేయాలా అన్నది ఇంకో అయోమయం. ఆవిర్లు పూర్తిగా పోయేలా కడిగేదాకా ఉంచాల్సిందేనని అమెరికా, యూరప్ నియమాలు. దీనికి కారణం ఉంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు కాబట్టి లోపల పేలుడుకి అవకాశం తక్కువ. ఖాళీ ట్యాంకులో అడుగున మిగిలిన కాస్త పెట్రోల్ ఆవిరై గాలితో కలిసి, సరిగ్గా పేలే పాళ్లలో ఉంటుంది. వెల్డింగ్ షెడ్డులో ఖాళీదే కదా అని నిప్పురవ్వ తగిలించినప్పుడు ప్రాణాలు పోయేది ఇందుకే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా చదివేవాడు కావాలి. బోర్డు మీద రాతంతా దాదాపు ఇంగ్లీషులోనే ఉంటుంది, అంకెలకి అర్థం చెప్పే పుస్తకం ఫైర్ కంట్రోల్ రూమ్‌లో ఉండొచ్చు గానీ, హైవే మీద బోల్తా పడ్డ ట్యాంకర్ దగ్గరికి ముందు చేరేది పెట్రోలింగ్ జీపు, పక్క ఊరి జనం. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర ట్యాంకర్ బోల్తా పడితే బకెట్లు, సీసాలు పట్టుకుని పెట్రోల్ నింపుకోవడానికి జనం ఎగబడ్డారు, మంటలు లేచి 200 మందికి పైగా చనిపోయారు. మన హైవేల మీద కూడా బోల్తా పడ్డ ట్యాంకర్ చుట్టూ క్యాన్లతో గుంపు చేరడం కొత్తేమీ కాదు. ఎర్ర డైమండ్ అంటే ఏమిటో బడిలో ట్రాఫిక్ గుర్తులతో పాటు చెబితే అయ్యే ఖర్చు ఏముంటుంది?

ఈ20తో వచ్చిన చిక్కు

దీని మీద చర్చ ఇంకా సరిగా మొదలవలేదు. ఐక్యరాజ్యసమితి జాబితాలో పెట్రోల్‌కి 1203 అన్నది నిజమే, కానీ 10 శాతానికి మించి ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి 3475 అని వేరే నంబరు ఉంది. మనం ఇప్పుడు 20 శాతం దగ్గర ఉన్నాం. నంబరు విడిగా పెట్టడానికి కారణం ఫోమే. ఇథనాల్ మిథనాల్‌కి దగ్గరి చుట్టం, మామూలు ఫోమ్ నురుగుని విరగ్గొడుతుంది. ఆల్కహాల్‌ని తట్టుకునే రకం ఫోమ్ కావాలి. హాజ్‌కెమ్ కోడ్‌లో ఇలాంటి సరుకుకి 3 అంకె ముందు ఒక చుక్క పెడతారు, ఆ చుక్కకి అర్థం అదే. ఈ20 నింపుకున్న ట్యాంకర్ చుక్క లేని పాత రాతతో బయల్దేరితే, బోర్డు చూసి మామూలు ఫోమ్ తెచ్చిన ఫైర్ ఆఫీసరు తప్పు చేసినట్టు కాదు, అతనికి తప్పు చెప్పినట్టు. ఇథనాల్ శాతం ఇంకా పెంచాలన్న ఆలోచన ఉంది కాబట్టి బోర్డులతో పాటు స్టేషన్లలో ఫోమ్ నిల్వలు కూడా మారాల్సి వస్తుంది, ఖర్చు అక్కడే ఎక్కువ.

ప్రమాదం ఎదురైతే

దగ్గరికి వెళ్లి చదవాల్సిన పని లేదు, 100 మిల్లీమీటర్ల అంకెలు పెట్టింది దూరం నుంచి కనపడడానికే. ఫోన్ కెమెరాని జూమ్ చేసి ఫొటో తీస్తే సరిపోతుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని ఆ వైపే ఉండాలి, పల్లంలో నిలబడకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. 112కి ఫోన్ చేసినప్పుడు "ట్యాంకర్ పడింది" అనడంతో ఆపకుండా నాలుగంకెలూ, డైమండ్ రంగూ, మంట ఉందా లేదా అన్నదీ చెబితే వచ్చేవాళ్లు దారిలోనే సిద్ధమవుతారు. గ్యాస్ లీకైతే ఎల్పీజీ కంపెనీల అత్యవసర నంబరు 1906. ఎల్పీజీ ట్యాంకర్‌కి మంట అంటుకుని ఉంటే ఉత్తర అమెరికా ఫైర్ సిబ్బంది వాడే గైడ్ పుస్తకం అన్ని వైపులా 1600 మీటర్లు ఖాళీ చేయమంటుంది. వీడియో తీసేవాళ్లు సాధారణంగా నిలబడే దూరం అందులో పదో వంతు కూడా ఉండదు.